నోర్కా ఊరివాళ్ళు

పక్కింటి పెద్దావిడని మీరంతా జర్మన్ మామ్మ అంటారు కదా. ఆవిడ తండ్రి జర్మనీలో పుట్టలేదర్రా. తాతా పుట్టలేదు, ముత్తాతా పుట్టలేదు. అమెరికా ఓడ ఎక్కడానికి హాంబర్గ్ రేవులో ఆగిన కాసిని రోజులు తప్పిస్తే ఆ తండ్రి జర్మనీ మొహమే ఎరగడు. పుట్టింది రష్యాలో, ఓల్గా నదికి పడమట నోర్కా అనే ఊళ్ళో. ఇంట్లో మాట్లాడింది జర్మను, చర్చిలో పాడింది జర్మను, ఇక్కడికొచ్చాక జనాభా లెక్కల గుమస్తా పుట్టిన దేశం గడిలో రాసుకున్నది రష్యా. ఇట్లాంటి ఇంటికి మూలం వెతకడమంటే మాటలు కాదు. ఆవిడ సగం జీవితం దానికే పెట్టింది. పక్కన కూచుని కొంత చూశాను, చేతనైనంత సాయమూ చేశాను. చెబుతా వినండి. చిన్నోడా, ఆ దుంగ కాస్త లోపలికి తొయ్యరా, పొగ ఇటే కొడుతోంది.

నేను గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ నెబ్రాస్కాలో, లింకన్ ఊళ్ళో యూనివర్సిటీలో చేరిన కొత్తల్లో, అద్దె తక్కువని సాల్ట్ క్రీక్ పల్లంలో ఇల్లు తీసుకున్నాను. సౌత్ బాటమ్స్ అంటారు ఆ పేటని. వాగు పొంగితే మునిగే నేల. ఓల్గా నుంచి వచ్చిన జర్మన్లు లింకన్‌లో మొదట దిగిన చోట్లలో అదొకటి. చిన్న చిన్న చెక్క ఇళ్ళు, పెరట్లో విడిగా వేసవి వంటిల్లు. మామ్మకి అప్పటికి నలభై దాటుంటాయి. తండ్రి పోయి ఏడాది కాలేదు. ఆయన పెట్టెలో దొరికిన బైబిలు పట్టుకుని ఒక సాయంత్రం మా గుమ్మంలోకి వచ్చింది. నాకు జర్మన్ వచ్చని ఎవరో చెప్పారట. ఆ రోజుల్లో డాక్టరేటుకి ఒక పరాయి భాషలో పరీక్ష ఇవ్వాలి, నేను జర్మన్ తీసుకున్నాను.

ఆ బైబిలు నాకిప్పటికీ కళ్ళ ముందుంది. తోలు అట్ట, మూలలు అరిగి నల్లబడ్డాయి. మొదటి ఖాళీ కాగితం మీద పుట్టుకలు, పెళ్ళిళ్ళు, చావులు ఒకదాని కింద ఒకటి రాసున్నాయి. నాలుగు చేతులు రాసిన రాత, నాలుగు రంగుల సిరా. అచ్చు ఎట్లాగో చదివేశాను గానీ చేతిరాత నావల్ల కాలేదు. కుర్రెంట్ అని పాతకాలపు గొలుసుకట్టు రాత అది. అందులో 'ఈ' అక్షరమూ 'ఎన్' అక్షరమూ దాదాపు ఒక్కలాగే ఉంటాయి. 'యూ' మీద చిన్న వంపు గీత పెడితేనే అది 'యూ' అని తెలిసేది. పేటలో ఉండే ముసలి పాస్టరుగారు భూతద్దం పెట్టుకుని వరసగా చదివి పెట్టారు. అక్కడే మొదటి చిక్కు వచ్చింది. తండ్రి పుట్టింది మార్చి 3 అని బైబిల్లో ఉంది, అమెరికా కాగితాల్లో మార్చి 15 అని ఉంది. ఇద్దరు వేర్వేరు మనుషులేమో అని మామ్మకి బెంగ పట్టుకుంది. పాస్టరుగారు విషయం విప్పి చెప్పారు. రష్యాలో విప్లవం దాకా పాత జూలియన్ పంచాంగమే నడిచింది. పంతొమ్మిదో శతాబ్దంలో అది మనం వాడే తేదీకి 12 రోజులు వెనక ఉండేది. లెక్క సరిగ్గా కుదిరింది. ఆ సాయంత్రం ఆవిడ మొహంలో వెలుగు చూడాల్సింది!

మరి తండ్రి బతికున్నప్పుడే అడగొచ్చుగా అంటారా? అడిగింది. "పాత దేశం" అనేవాడట, అంతే. ఆ మౌనానికి కారణం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో ఈ రాష్ట్రంలో జర్మన్ మాట వినిపిస్తే జనం పళ్ళు కొరికేవాళ్ళు. 1919లో నెబ్రాస్కాలో చట్టమే చేశారు, ఎనిమిదో తరగతి దాటని పిల్లలకి ఇంగ్లీషు తప్ప ఇంకో భాష నేర్పకూడదని. ఇక్కడికి దగ్గరే, హాంప్టన్ అనే ఊరి దగ్గర చర్చి బడిలో రాబర్ట్ మేయర్ అనే టీచరు 1920 మేలో పదేళ్ళ పిల్లాడికి జర్మన్ పాఠం చెబుతుండగా ప్రభుత్వ వకీలు లోపలికొచ్చాడు. అంత చూసి కూడా ఆయన పాఠం ఆపలేదు. 25 డాలర్ల జరిమానా వేశారు. అది కట్టి ఊరుకోకుండా సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. 1923లో కోర్టు ఆయన పక్షానే తీర్పు చెప్పింది, ఆ చట్టం చెల్లదని. ఈ దేశంలో తల్లిదండ్రులు పిల్లలకి తమ భాష నేర్పించుకునే హక్కు గురించి మాట్లాడితే ఈనాటికీ ఆ తీర్పే చెబుతారు. మనం ఈ పూట ఇట్లా కూచుని తెలుగులో మాట్లాడుకుంటున్నామంటే ఆ మేయర్ గారికి మనమూ ఒక దణ్ణం బాకీ ఉన్నామర్రా. కానీ భయపడ్డవాళ్ళు అప్పటికే నోరు మూసుకున్నారు. మామ్మ తండ్రి అప్పటికి పాతికేళ్ళవాడు. తర్వాత కాలంలో రష్యా పేరెత్తినా తప్పే అయింది. జర్మన్ అన్నా తంటా, రష్యా అన్నా తంటా. ఇక పిల్లలకేం చెబుతాడు?

వంశం వెతికేవాళ్ళు ముందు చేసే పని పేరు పట్టుకుని వెనక్కి పోవడం. వీళ్ళ విషయంలో రెండో తరం దగ్గరే ఆ దారి మూసుకుపోతుంది. అన్నదమ్ములు నలుగురుంటే నలుగురికీ ముందు యోహాన్ అనే ఉంటుంది. యోహాన్ గేయోర్గ్, యోహాన్ పేటర్, యోహాన్ హైన్రిష్. పిలిచేది రెండో పేరుతో. బాప్తిస్మం పుస్తకంలో రెండూ రాస్తారు, ఓడ జాబితాలో ఒకటే రాస్తారు, అది ఏదన్నది గుమస్తా ఇష్టం. బిడ్డ పోతే తర్వాత పుట్టినవాడికి మళ్ళీ అదే పేరు పెట్టేవాళ్ళు. పైగా రష్యన్ అక్షరాల్లో 'హ' లేదు. హైన్రిష్ అక్కడ గెన్రిఖ్ అవుతాడు, హోఫ్మన్ గోఫ్మన్ అవుతాడు. ఇక్కడ కాగితాలూ సగం లేవు. 1890 జనాభా లెక్కలు 1921లో వాషింగ్టన్‌లో అంటుకున్న మంటల్లో చాలావరకు పాడైపోయాయి. బ్రెమెన్ రేవు ప్రయాణికుల జాబితాలు కొన్ని చోటు చాలదని వాళ్ళే పారేశారు, మిగిలినవాటిలో చాలావరకు రెండో యుద్ధంలో పోయాయి. అదృష్టం కొద్దీ వీళ్ళు హాంబర్గ్ నుంచి వచ్చారు. హాంబర్గ్ జాబితాలు 1850 నుంచి 1934 దాకా నిలిచాయి, అందులో బయల్దేరిన ఊరు కూడా రాసేవాళ్ళు. అట్లా దొరికింది నోర్కా.

ఊరు దొరికినా ఆ ఇంటిపేరు వాళ్ళు అక్కడ కుప్పలు. మన ఊళ్ళో సుబ్బయ్యలు ఎక్కువైతే చెరువుగట్టు సుబ్బయ్య, ఎర్ర సుబ్బయ్య అన్నట్టు, వాళ్ళూ ఒక్కో శాఖకి ఒక్కో అడ్డపేరు పెట్టుకునేవాళ్ళు. అది ఏ కాగితంలోనూ ఉండదు, ముసలివాళ్ళ నోట్లో ఉంటుంది. ఒకసారి ఎవరిదో అంత్యక్రియలకి వెళితే, తొంభై ఏళ్ళావిడ ఒకావిడ మామ్మ చెయ్యి పట్టుకుని "నువ్వు ఆ కమ్మరివాళ్ళ పిల్లవు కదూ" అందట. మామ్మకి ఆశ్చర్యం. తండ్రి రైల్వేలో పనిచేశాడు, తాత బీట్ చేలల్లో కూలి. తెలిసినంతలో ఆ ఇంట్లో సుత్తి పట్టినవాడు లేడు. అయినా ఇంటికొచ్చి ఆ మాట రాసిపెట్టుకుంది. ఆ మాట ఎంత పని చేసిందో తర్వాత చెబుతా.

బీట్ చేలంటే మీకు తెలియదు. చక్కెర తీసే తెల్ల దుంప. వసంతం రాగానే సౌత్ బాటమ్స్‌లో ఇళ్ళకి తాళాలు వేసి, పిల్లా జెల్లా అంతా రైలెక్కి పడమటి నెబ్రాస్కాకి, కొలరాడోకి పోయేవాళ్ళు. మొలకలు పలచన చెయ్యడానికి పొట్టి పిడి పార, ఒంగిన నడుం ఎత్తకుండా సాళ్ళ వెంట పోవాలి. చలికాలం ముందు దుంప కోత. కొస వంకీ తిరిగిన కత్తితో దుంపని పొడిచి పైకి లేపి, ఎడంచేత్తో పట్టుకుని, ఒక్క వేటుకి ఆకు మకుటం నరకాలి. మామ్మ తండ్రికి ఎడమ బొటనవేలి కొస లేదు. బడి తెరిచిన రెండు నెలలకి గాని ఆ పిల్లలు బడికి చేరేవాళ్ళు కాదు. మీరు బయట కొనుక్కుతినే రన్జా వాళ్ళ వంటేనర్రా. రొట్టెపిండి లోపల క్యాబేజీ, ఉల్లిపాయ, మాంసం పెట్టి మూసి కాలుస్తారు, చేలో ఒక చేత్తో పట్టుకుని తినడానికి వీలుగా ఉంటుంది.

అసలు వీళ్ళు రష్యా ఎందుకు పోయారు, ఎందుకు వదిలారు? రష్యాని ఏలిన కేథరిన్ రాణి పుట్టుకతో జర్మన్ పిల్ల. ఓల్గా కింది భూములు బీడు పడున్నాయి, దున్నేవాళ్ళు కావాలి. 1763 జూలై 22న ప్రకటన వేయించింది. వచ్చి బీడు నేలలో స్థిరపడితే 30 ఏళ్ళు పన్ను లేదు, మీ మతం మీది, అప్పు వడ్డీ లేకుండా ఇస్తాం, మీ మగపిల్లల్ని ఎన్నటికీ సైన్యంలోకి లాగం అని. అప్పుడే ఏడేళ్ళ యుద్ధం ముగిసి హెస్సె ప్రాంతమంతా సైన్యాల కాళ్ళ కింద నలిగిపోయుంది. తిండి లేనివాడు ఆ ప్రకటన వింటే కూచుంటాడా? సుమారు 30,000 మంది కదిలారు. 1764లో దోబ్రింకాతో మొదలుపెట్టి ఓల్గాకి అటూ ఇటూ 104 ఊళ్ళు కట్టారు. నోర్కా 1767లో వెలిసింది.

ఆ "ఎన్నటికీ" నూరేళ్ళ చిల్లర నిలిచింది. 1871లో వాళ్ళ ప్రత్యేక హక్కులు తీసేశారు, 1874లో నిర్బంధ సైనిక సేవ వచ్చింది. ఆ వెంటనే ఊళ్ళు కూడబలుక్కుని, భూమి చూసి రమ్మని మనుషుల్ని అమెరికాకి పంపాయి. కాథలిక్కులు ఎక్కువగా కాన్సాస్‌లో ఎల్లిస్ కౌంటీకి పోయారు. ప్రొటెస్టెంట్లలో చాలామంది నెబ్రాస్కాకి వచ్చారు. ఊరు ఊరుగా కదలడం వాళ్ళ పద్ధతి. నోర్కావాళ్ళ పక్కన నోర్కావాళ్ళే ఇళ్ళు తీసుకున్నారు. లింకన్‌లోనూ అంతే, అక్కడ ఒరెగాన్‌లో పోర్ట్‌లాండ్‌లోనూ అంతే.

మామ్మ పట్టుకున్న ఉపాయం ఇక్కడే ఉంది. ఒక్క మనిషిని వెతకడం మానేసి ఊరినంతా రాసుకోవడం మొదలుపెట్టింది. ఓడలో తండ్రి పేరుకి పైనా కిందా ఎవరి పేర్లున్నాయి? బాప్తిస్మానికి సాక్షిగా నిలబడ్డదెవరు? వాళ్ళలో ఆ సాక్షి పేరే బిడ్డకి పెట్టేవాళ్ళు, అందుకని సాక్షి దొరికితే చుట్టరికం దొరికినట్టే. చెప్పుల డబ్బాల నిండా చిన్న చిన్న అట్టముక్కలు, ఒక్కో అట్టకి ఒక్కో మనిషి. వంటింటి బల్ల మీద వాటిని పరిచిందంటే అన్నం తినడానికి చోటుండేది కాదు. రష్యా నుంచి వచ్చిన జర్మన్ల చరిత్ర సంఘం 1968లో ఏర్పడింది, ఇప్పుడు లింకన్‌లోనే డి స్ట్రీట్‌లో ఉంది. ఆ సంఘం గ్రంథాలయంలో ఆవిడ కూచోని శనివారం లేదు.

లింకన్ నుంచి అప్పట్లో 'డీ వెల్ట్‌పోస్ట్' అని జర్మన్ పత్రిక వచ్చేది. నోర్కాలో మిగిలిపోయినవాళ్ళు రాసిన ఉత్తరాలు అందులో వేసేవాళ్ళు. పాత సంచికల్లో 1921 నాటివి చదువుతూ ఆవిడ ఏడ్చేది. ఆ ఏడు ఓల్గా ప్రాంతంలో ఘోరమైన కరువు. పంట పండలేదు, పండిన కాస్తా అంతకుముందే ప్రభుత్వం లాక్కుపోయింది. ఇళ్ళకి ఇళ్ళు ఖాళీ అయ్యాయి. పోర్ట్‌లాండ్‌లోని నోర్కావాళ్ళు ఆ ఏడే ఓల్గా సహాయ సంఘం పెట్టి చందాలు పోగేశారు. ఇక్కడి బీట్ కూలీలు కూడా ఇచ్చారు. ఒక ఉత్తరంలో మామ్మ నాయనమ్మ చెల్లెలి పేరుంది. పంపిన పిండి అందిందని, పిల్లల్లో ఇద్దరు మిగిలారని రాయించింది. ఆ పిల్లల పేర్లు రెండూ అట్టముక్కల మీదికి ఎక్కాయి. 1930ల్లో ఉత్తరాలు ఆగిపోయాయి. 1941 ఆగస్టు 28న సోవియట్ ప్రభుత్వం ఒక ఉత్తర్వు వేసి, ఓల్గా జర్మన్లందర్నీ గూడ్సు బళ్ళల్లో సైబీరియాకి, కజకిస్తాన్‌కి తోలేసింది. మూడున్నర లక్షల మందికి పైగా. నూట డెబ్బై ఏళ్ళు దాటిన ఊళ్ళు కొద్ది వారాల్లో ఖాళీ. మగవాళ్ళనీ తర్వాత ఆడవాళ్ళనీ కూడా కట్టుబానిసల్లా పనిదండుల్లో పెట్టారు. ఎంతమంది తిరిగి రాలేదో తలుచుకుంటే నాకిప్పటికీ గుండె బరువెక్కుతుంది.

సోవియట్ యూనియన్ పడిపోయాక గాని సరాటోవ్, ఎంగెల్స్ ఊళ్ళ దస్తావేజులు బయటికి రాలేదు. అప్పుడు సరాటోవ్ చరిత్రకారుడు ఇగోర్ ప్లెవే ఆ పాత జాబితాలు వెతికి అచ్చు వేశాడు. ఆయన చేసింది ఎంత పుణ్యమో వంశం వెతికేవాళ్ళనడగండి. మామ్మకి ముందు 1798 లెక్కల కాపీ వచ్చింది. ఆ లెక్కల గొప్పతనం, పెళ్ళై వచ్చిన ఆడదాని పుట్టింటి పేరు, ఏ ఊరి నుంచి కోడలిగా వచ్చిందో కూడా రాయడం. మన దగ్గర ఎన్ని వంశవృక్షాల్లో ఆడవాళ్ళ పుట్టింటి పేరు ఉంటుంది చెప్పండి? అక్కణ్ణించి వెనక్కి 1767 జాబితాకి పోయింది. నోర్కాలో అదే ఇంటిపేరుతో ఒకటికి మించి కుటుంబాలున్నాయి. ఎవరు తనవాళ్ళు? ఒకడికి ఎదురుగా వృత్తి గడిలో ఏముందో తెలుసా? కమ్మరి. తొంభై ఏళ్ళావిడ నోటి మాట రెండు వందల ఏళ్ళు దాటొచ్చి ఆ గడిలో కూచుంది. సాక్షుల పేర్లతో సరిపోల్చుకుంటే ఆ శాఖే అని తేలిపోయింది. ఆ రోజు మామ్మ నాకు ఫోన్ చేసి మాట్లాడలేకపోయింది. నేనే నడిచి వెళ్ళాను.

ఆ కమ్మరి ఓల్గాకి చేరడమూ తేలిక కాదు. ల్యూబెక్ రేవు నుంచి ఓడలో క్రోన్‌స్టాట్, అక్కణ్ణించి ఒరానియెన్‌బౌమ్. ఇవాన్ కుల్‌బెర్గ్ అనే అధికారి 1766లో దిగినవాళ్ళ పేర్లన్నీ అక్కడే రాసుకున్నాడు. రాణికి విధేయులమని ప్రమాణం చేయించి, పడవల మీద, బళ్ళ మీద నెలల తరబడి ప్రయాణం. చలికాలం దారిలో రష్యన్ పల్లెల్లో గడిపారు. చంటిపిల్లలూ ముసలివాళ్ళూ చాలామంది దారిలోనే పోయారు. తీరా చేరితే ఇళ్ళు లేవు, నేలలో గుంటలు తవ్వుకుని పైన పుల్లలూ మట్టీ కప్పుకుని ఉన్నారు. మంగలైనా, కమ్మరైనా, అందరూ నాగలి పట్టాల్సిందే అన్నారు సరాటోవ్ కచేరీవాళ్ళు. ఆ ఇంట్లో కమ్మరం మొదటి తరంతోనే ఎందుకాగిపోయిందో, పేరు మాత్రం ఎందుకు నిలిచిందో అప్పుడర్థమైంది.

నేను ఇదంతా ఎందుకింత పట్టించుకున్నానంటారా? నేను పుట్టింది గుంటూరు కుగ్లర్ ఆస్పత్రిలో. ఆ ఆస్పత్రి పెట్టిన మిషన్‌ని మొదలుపెట్టిన ఫాదర్ హయ్యర్ 1793లో జర్మనీలో హెల్మ్‌స్టెట్ అనే ఊళ్ళో పుట్టాడు. పద్నాలుగేళ్ళ పిల్లాడిగా అమెరికాకి వలసపోయి, అక్కణ్ణించి 1842లో మన గుంటూరు వచ్చి బడులు పెట్టాడు. డెబ్బై దాటాక కూడా మళ్ళీ రాజమండ్రి వచ్చాడు. ఇంటికి దూరంగా వెళ్ళినవాళ్ళ పిల్లలు ఇల్లు ఎక్కడని అడిగితే నాకు ఊరుకోబుద్ధి కాదు.

ఇక ఇప్పుడు. 1941లో తోలేయబడ్డవాళ్ళ పిల్లలూ మనవలూ 1980ల చివర్నుంచి జర్మనీకి తిరిగి వస్తున్నారు. సోవియట్ దేశాల నుంచి ఇరవై లక్షల మందికి పైగా వచ్చారు. ఆ కరువు ఉత్తరంలో మిగిలిన ఇద్దరు పిల్లల్లో ఒకామె మనవరాలు కజకిస్తాన్ నుంచి వచ్చి హెస్సెలోనే ఉంటోంది. మామ్మ మనవరాలు ఆమెని వెతికి పట్టుకుంది. ఇప్పుడు ఆ ఇద్దరు ఆడపిల్లలూ కలిసి పని చేస్తున్నారు. 1766లో ఆ చుట్టుపక్కల నలుమూలల నుంచి రష్యాకి వలసపోయేవాళ్ళు బ్యూడింగెన్ పట్నంలో పోగయ్యారు. పెళ్ళైన జంటలకైతే భూమి తేలిగ్గా వస్తుందని అక్కడి చర్చిలో కొద్ది నెలల్లో 375 జంటలు పెళ్ళిళ్ళు చేసుకున్నాయి. మన కమ్మరి పెళ్ళి కూడా ఆ పుస్తకంలో దొరికింది. పెళ్ళికూతురి ఊరు స్పష్టంగా ఉంది, ఆవిడ వైపు మూడు తరాలు వెనక్కి పోయారు. అంతకు ముందు ముప్పై ఏళ్ళ యుద్ధంలో చర్చి పుస్తకాలే కాలిపోయాయి.

కమ్మరికి మాత్రం ఈజెన్‌బుర్గ్ అని ఒక్క మాటే ఉంది. అది ఊరు కాదు. ఒక వంశం వాళ్ళు బ్యూడింగెన్, బిర్‌స్టైన్, వెఖ్తర్స్‌బాఖ్, మేర్‌హోల్ట్స్ అని పంచుకున్న సంస్థానాలు, వాటి కింద ఎన్నో పల్లెలు. ఆ రోజుల్లో ఊరు వదలాలంటే దొర దగ్గర విడుదల కాగితం తీసుకుని రుసుం కట్టాలి. కట్టినవాడి పేరు లెక్కల పుస్తకంలో ఉంటుంది. ఆ పిల్లలిద్దరూ ఒక్కో సంస్థానం లెక్కలూ తిరగేస్తున్నారు. బిర్‌స్టైన్ అయిపోయింది, అందులో లేడు. పెళ్ళికి సాక్షిగా నిలబడ్డవాడి ఊరు వెఖ్తర్స్‌బాఖ్ కింద ఉంది గనక తర్వాత అదే తియ్యమని మామ్మ చెప్పింది. నాకూ అదే సరైందనిపిస్తోంది.